శుభ్రత కాంట్రాక్టు: నిఘా ఎవరి మీద?

(మహిళా కార్యకర్తలు, స్వచ్ఛంద సంస్థల ప్రతినిధుల శిక్షణ శిబిరంలో చేసిన ప్రసంగ పాఠం)



ఈ రోజు మాట్లాడమని నాకిచ్చిన అంశం "ప్రభుత్వ సేవా ఒప్పందాల్లో కాంట్రాక్టర్ల పనితీరు, నాణ్యత - పర్యవేక్షణ". ఈ పేరు వింటే ఇదేదో ఇంజనీర్లూ ఆడిట్ అధికారులూ మాట్లాడుకోవలసిన విషయం అనిపిస్తుంది. మహిళా సంఘాలకు దీనితో ఏం పని అని మీలో కొందరు అనుకుంటూ ఉండవచ్చు. కొన్నేళ్ళ క్రితం నేనూ అలాగే అనుకున్నాను. ఒకామె నాతో అన్న ఒక్క మాట నా అభిప్రాయాన్ని మార్చింది. ఆ సంగతితోనే మొదలుపెడతాను.

మా ప్రాంతంలో ఒక ప్రభుత్వ ఆసుపత్రి ఉంది. పేరు చెప్పను, ఎందుకంటే ఇలాంటివి మీ ప్రాంతాల్లోనూ ఉన్నాయి. అక్కడి కాన్పుల వార్డులో బాత్రూములు కాలు పెట్టలేనట్టుగా ఉండేవి. అప్పుడే కాన్పయిన తల్లి, కుట్లు వేయించుకున్న తల్లి, గోడ పట్టుకుని నడుస్తూ ఆ నీళ్ళలోనే వెళ్ళాలి. మా సంఘం వాళ్ళం వెళ్ళి చూశాం, తల్లులతో మాట్లాడాం, సూపరింటెండెంటుకు వినతిపత్రం ఇచ్చాం, పత్రికల వాళ్ళకు చెప్పాం. వార్త వచ్చింది. అధికారులు కదిలారు. శుభ్రత కాంట్రాక్టరు బిల్లులో ఆ నెల కోత పెట్టారని తెలిసింది. మేం గెలిచామనుకున్నాం.

తర్వాతి నెల మళ్ళీ వెళ్ళినప్పుడు వరండా తుడుస్తున్న ఒక పెద్దామె చీపురు పక్కన పెట్టి నా దగ్గరికొచ్చింది. "అమ్మా, మీరు రాసిన కాయితం మా జీతంలోంచి పోయింది" అన్నది. కాంట్రాక్టరు తన బిల్లులో పడిన కోతను అక్కడ పనిచేసే ఆడవాళ్ళందరి జీతంలోంచి మనిషికి రెండు రోజుల కూలి చొప్పున పట్టుకున్నాడట. వార్డుకు ఇద్దరు చేయాల్సిన పని ఒక్కరే చేస్తున్నారని, ఫినాయిలు నెల సగం కాకముందే అయిపోతుందని, రాత్రిపూట మూడు వార్డులకు ఒక్క మనిషేనని ఆమె చెప్పింది. మేం ఆ బాత్రూముల గురించి తల్లులను అడిగాం, నర్సులను అడిగాం, డాక్టర్లను అడిగాం. కడిగే మనిషిని మాత్రం అడగలేదు.

మిత్రులారా, నేను ఈ రోజు చెప్పదలుచుకున్నది ఈ ఒక్క విషయమే. కాంట్రాక్టు పని నాణ్యత మీద మనం పెట్టే నిఘా, కింది చివర చీపురు పట్టుకున్న ఆడమనిషి మీద నిఘాగా మారిపోకూడదు. అలా మారితే ఆసుపత్రీ శుభ్రపడదు, ఆమె బతుకూ బాగుపడదు, కాంట్రాక్టరు లాభం మాత్రం చెక్కుచెదరదు.

ఒప్పందంలో ఎవరున్నారు?

ఒకప్పుడు ప్రభుత్వ ఆసుపత్రుల్లో ఊడ్చేవాళ్ళు, ఆయాలు, తోటీలు ప్రభుత్వోద్యోగులే. జీతం తక్కువైనా నెల నెలా వచ్చేది, పింఛను ఉండేది. 1990లలో ప్రపంచ బ్యాంకు రుణాలతో ఆసుపత్రుల సంస్కరణలు సాగిన కాలంలో ఈ పనిని కాంట్రాక్టుకు ఇవ్వడం వ్యాపించింది. ఖాళీ అయిన పోస్టు ఖాళీగానే ఉండిపోయింది. ఆ పని మాత్రం ఖాళీ కాలేదు. అదే వాడల నుంచి, ఎక్కువగా దళిత కుటుంబాల నుంచి, అదే స్త్రీలు వచ్చి అదే పని చేస్తున్నారు. మారింది జీతం ఇచ్చే చెయ్యి.

ఒప్పందం మీద రెండు సంతకాలుంటాయి. ఒకటి ప్రభుత్వం తరఫున అధికారిది, రెండోది కాంట్రాక్టరుది. ఆ వార్డులో కాన్పయ్యే తల్లి సంతకం అందులో లేదు. ఆ వార్డు కడిగే ఆమె సంతకమూ లేదు. నాణ్యత లోపిస్తే నష్టపోయేది ఈ ఇద్దరే. ఆ లోపం ఎక్కడుందో రోజూ కళ్ళతో చూసేదీ వీళ్ళిద్దరే. అయినా పర్యవేక్షణ ఏర్పాట్లలో వీళ్ళకు చోటుండదు.

టెండరు దగ్గరే మొదలు

శుభ్రత పనికి పెద్ద యంత్రాలు అక్కర్లేదు. ఖర్చులో ఎక్కువ భాగం మనుషుల జీతాలు. మిగిలింది ఫినాయిలు, బ్లీచింగ్ పౌడరు, చీపుళ్ళు, మాపులు, గ్లౌజులు, చెత్త సంచులు. ఎంతమంది మనుషులు కావాలో, వాళ్ళ కనీస వేతనం ఎంతో, దాని మీద యజమాని కట్టవలసిన పీఎఫ్, ఈఎస్ఐ ఎంతో ముందే తెలుసు. కాబట్టి ఈ పనికి అసలు ఖర్చు ఎంతవుతుందో కాగితం మీద లెక్క కట్టవచ్చు. ఆ లెక్క కంటే తక్కువకు ఒకరు టెండరు వేస్తే, అధికారులు దాన్ని ఆమోదిస్తే, ఆ తగ్గిన డబ్బు ఎక్కడి నుంచి వస్తుంది? కాంట్రాక్టరు జేబులోంచి రాదు. మనుషులను తగ్గించడం నుంచి వస్తుంది, జీతంలోంచి వస్తుంది, ఫినాయిల్లో కలిపే నీళ్ళలోంచి వస్తుంది. అంటే కాన్పుల వార్డు బాత్రూము మురికి కావడం టెండరు తెరిచిన రోజునే నిర్ణయమైపోయిందన్నమాట. ఆ రోజు బల్ల దగ్గర కూర్చున్నవాళ్ళను వదిలేసి, ఆరు నెలల తర్వాత ఊడ్చే ఆమెకు మెమో ఇవ్వడం న్యాయమా?

ఇక పర్యవేక్షణ ఎలా జరుగుతుందో చూద్దాం. సాధారణంగా వార్డుకొక కాగితం ఉంటుంది. నేల, గోడలు, బాత్రూములు, చెత్త బుట్టలు అని గడులుంటాయి. హెడ్ నర్సు మార్కులు వేసి సంతకం చేయాలి. ఆ మార్కుల మీద కాంట్రాక్టరు బిల్లు ఎంత శాతం చెల్లించాలో తేలుతుంది. పద్ధతి చూడడానికి బాగానే ఉంది. కానీ యాభై మంది రోగులను చూసుకునే నర్సుకు ప్రతి పూటా బాత్రూము తనిఖీ చేసే తీరిక ఎక్కడిది? నెలాఖరున సూపర్‌వైజర్ కాగితాల కట్ట పట్టుకొచ్చి నిలబడితే ముప్పై రోజుల సంతకాలు ఒక్కసారే పడిపోతాయి. అంతకంటే పెద్ద లోపం ఇంకొకటుంది. ఆ కాగితం నేల మెరుస్తోందా లేదా అని అడుగుతుంది. ఆ నేల కడగడానికి ఎంతమంది ఉండాలి, ఎంతమంది ఉన్నారు, వాళ్ళకు జీతం అందిందా అని అడగదు. మెరుపు చూసే పరీక్ష వస్తుందంటే ఆ రెండు రోజులూ ఆడవాళ్ళ చేత రెండు షిఫ్టులు చేయించి మెరిపిస్తారు. కేంద్ర ఆరోగ్య శాఖ 2015లో ఆసుపత్రుల శుభ్రతకు కాయకల్ప పేరుతో మార్కులు, బహుమతులు పెట్టింది. ఆ ఉద్దేశాన్ని నేను తప్పు పట్టను. కానీ తనిఖీ బృందం వెళ్ళిపోయిన మర్నాడు ఎంతమంది పనిలో ఉన్నారన్నదే మన ప్రశ్న కావాలి.

మనం చూడవలసిన నాలుగు కాగితాలు

పెద్దామె మాటతో మేం మొదటికొచ్చాం. ఈసారి వార్డు కాకుండా కాగితాలు చూడడం నేర్చుకున్నాం. ఆ కాగితాలు నాలుగు.

మొదటిది ఒప్పందం. టెండరు షరతులతో సహా మొత్తం ప్రతి తీసుకోవాలి. 2005 సమాచార హక్కు చట్టం కింద దరఖాస్తు చేస్తే 30 రోజుల్లో ఇవ్వాలి. ఇది వ్యాపార రహస్యం అని సెక్షన్ 8(1)(డి) చూపించి తిరస్కరించే అధికారులుంటారు. ప్రజల డబ్బుతో, ప్రజల ఆసుపత్రికి, ఎంతమంది మనుషులను పెట్టాలన్నది ఏ వ్యాపారికీ రహస్యం కాదు. విస్తృత ప్రజా ప్రయోజనం ఉంటే ఇవ్వాలని ఆ సెక్షనే చెబుతోంది. అప్పీలుకు వెళ్ళండి. ఒప్పందం చేతికొచ్చాక అందులో మూడు విషయాలు గుర్తు పెట్టుకోండి: షిఫ్టుకు ఎంతమంది, నెలకు ఏ సామాను ఎంత, ఏ తప్పుకు ఎంత కోత.

రెండోది మస్టరు. ఒక ఉదాహరణ చెబుతాను, ఇవి కేవలం లెక్క అర్థం కావడానికి తీసుకున్న అంకెలు. ఒప్పందం ప్రకారం 42 మంది ఉండాలనుకుందాం. వారానికొక రోజు సెలవు పోను రోజుకు 36 మంది పనిలో ఉండాలి. పొద్దున 18, మధ్యాహ్నం 12, రాత్రి 6 అనుకుందాం. మీరు పొద్దుటి షిఫ్టులో వెళ్ళి లెక్కపెడితే 11 మందే కనిపించారు. మిగతా రెండు షిఫ్టులూ సరిగానే ఉన్నా, రోజుకు ఏడుగురు తక్కువ. సెలవులు కూడా కలుపుకుంటే ఎనిమిది మంది జీతం. నెల జీతం మనిషికి 12,000 అనుకుంటే నెలకు 96,000 రూపాయలు. మస్టరులో 42 పేర్లూ ఉంటాయి, బిల్లు 42 మందికీ అవుతుంది. ఇప్పుడు చెప్పండి, బాత్రూము మురికికి కారణం ఆ 11 మంది బద్ధకమా, లేని ఏడుగురా?

ఇక్కడొక జాగ్రత్త. 2025 నవంబరులో సమాచార హక్కు చట్టం సెక్షన్ 8(1)(జె) సవరణ అమల్లోకి వచ్చింది. వ్యక్తిగత సమాచారం అన్న సాకు ఇప్పుడు అధికారులకు మరింత సులువైంది. అందుకని దరఖాస్తులో పేర్లు అడగకండి. ఏ తేదీన, ఏ షిఫ్టులో, ఎంతమందికి హాజరు వేశారు అని అంకెలు అడగండి. మీరు లెక్కపెట్టిన తేదీలనే అడగండి. పేర్లు లేకపోయినా ఈ రెండు అంకెలూ పక్కపక్కన పెడితే చాలు.

మూడోది సామాన్ల రిజిస్టరు. బ్లీచింగ్, ఫినాయిలు, గ్లౌజులు ఎప్పుడు వచ్చాయి, ఎంత వచ్చాయి. సమాచార హక్కు చట్టంలో చాలామంది వాడని ఒక హక్కుంది. రికార్డులు, పనులు స్వయంగా తనిఖీ చేయవచ్చు, సామాను నమూనా కూడా తీసుకోవచ్చు. నీళ్ళు కలిపిన ఫినాయిలు గురించి వాదించే బదులు దాని నమూనా అడగండి.

గ్లౌజుల విషయం చిన్నది కాదు. 2016 బయోమెడికల్ వ్యర్థాల నిబంధనల ప్రకారం సూదులు, బ్లేడ్లు గుచ్చుకుపోని తెల్ల డబ్బాలో పడాలి. రక్తం అంటిన దూది, మాయ వంటివి పసుపు సంచిలోకి పోవాలి. ఆ వ్యర్థాలు ముట్టుకునే ప్రతి ఒక్కరికీ హెపటైటిస్-బి, ధనుర్వాతం టీకాలు వేయించడం, ఏడాదికొకసారి ఆరోగ్య పరీక్ష చేయించడం ఆసుపత్రి బాధ్యత. కాంట్రాక్టు మనిషి అన్న మినహాయింపు ఇందులో లేదు. మీ ఆసుపత్రిలో ఊడ్చే ఆమెను అడగండి, నీకు టీకా వేశారా అని. ఆమె జవాబు ఆ కాంట్రాక్టు నాణ్యతను మార్కుల కాగితం కంటే బాగా చెబుతుంది.

నాలుగోది జీతం కాగితాలు. బ్యాంకులో ఎంత పడింది, ఏ తేదీన పడింది, పీఎఫ్, ఈఎస్ఐ చలాన్లు కట్టారా. జీతంలోంచి పట్టుకుని కట్టని కాంట్రాక్టర్లున్నారు. బిడ్డకు జ్వరమొచ్చి ఈఎస్ఐ డిస్పెన్సరీకి వెళ్తే నీ పేరే లేదంటారు, అప్పుడు తెలుస్తుంది. బ్యాంకులో పూర్తి జీతం వేసి, మర్నాడు కొంత తిరిగి నగదుగా వసూలు చేసేవాళ్ళూ ఉన్నారు. ఏటీఎం కార్డులు సూపర్‌వైజర్ దగ్గరే ఉంచుకునే చోట్లూ ఉన్నాయి. ఇవి కాగితంలో కనిపించవు. వాడకు వెళ్ళి, అరుగు మీద కూర్చుని, నెమ్మదిగా అడిగితేనే తెలుస్తాయి.

చట్టం ఎక్కడుంది?

"వాళ్ళు కాంట్రాక్టరు మనుషులు, మాకు సంబంధం లేదు" అన్న మాట ప్రతి ఆఫీసులోనూ వింటాం. ఈ మాటకు 1982లోనే సుప్రీంకోర్టు జవాబు చెప్పింది. ఢిల్లీ ఆసియా క్రీడల నిర్మాణ కార్మికుల కేసులో, కనీస వేతనం కంటే తక్కువిచ్చి చేయించుకునే పని రాజ్యాంగం 23వ అధికరణం నిషేధించిన వెట్టి కిందికే వస్తుందని, కాంట్రాక్టరును చూపించి ప్రభుత్వం తన బాధ్యత నుంచి తప్పుకోలేదని తీర్పు చెప్పింది. 1970 కాంట్రాక్టు కార్మికుల చట్టమైతే కాంట్రాక్టరు జీతమివ్వకపోతే ప్రధాన యజమానే ఇచ్చి, తర్వాత వసూలు చేసుకోవాలన్నది.

ఇప్పుడు ఆ చట్టాల స్థానంలో నాలుగు లేబర్ కోడ్లు వచ్చాయి, 2025 నవంబరు 21 నుంచి అమల్లో ఉన్నాయి. వీటిలో మనం పోగొట్టుకున్నవి ఉన్నాయి. పాత చట్టం 20 మంది కాంట్రాక్టు కార్మికులున్న చోట వర్తించేది, కొత్త కోడ్‌లో కాంట్రాక్టు కార్మికుల అధ్యాయం 50 మంది ఉంటేనే వర్తిస్తుంది. చిన్న ఆసుపత్రులు చాలా వరకు దీని బయటే ఉండిపోతాయి. శుభ్రత పనిని ఆ సంస్థ ముఖ్యమైన పనుల జాబితాలోంచి తీసేశారు. ఆసుపత్రికి శుభ్రత ముఖ్యం కాదట! అయితే మిగిలినవీ ఉన్నాయి. జీతం ఎగ్గొడితే ప్రధాన యజమాని బాధ్యత వృత్తి భద్రత కోడ్‌లో కొనసాగింది. వేతనాల కోడ్ సెక్షన్ 43 కూడా యజమాని చెల్లించకపోతే ఆ సంస్థ బాధ్యత వహించాలంటోంది, దీనికి 50 మంది అన్న షరతు లేదు.

మా పెద్దామె విషయంలో అన్నిటికంటే పనికొచ్చే సంగతి జరిమానాల గురించి. 1936 వేతనాల చెల్లింపు చట్టంలో ఉన్న రక్షణే 2019 వేతనాల కోడ్‌లోనూ ఉంది. ముందుగా ప్రభుత్వ ఆమోదంతో ప్రకటించిన తప్పులకు తప్ప జరిమానా వేయకూడదు. ఆ మనిషికి సంజాయిషీ చెప్పుకునే అవకాశం ఇవ్వాలి. జరిమానా మొత్తం ఆ నెల వేతనంలో 3 శాతం దాటకూడదు. నెలలో 26 పనిదినాలనుకుంటే రెండు రోజుల కూలి 7 శాతం దాటుతుంది. కాంట్రాక్టరు తన బిల్లులో పడిన కోతను అందరికీ పంచి పట్టుకోవడం శుద్ధ చట్టవిరుద్ధం. ఇది మాకు ఆ రోజు తెలియదు. తెలిసి ఉంటే మొదటి వినతిపత్రంలోనే ఒక వాక్యం రాసేవాళ్ళం: "ఈ ఫిర్యాదు ఆధారంగా విధించే కోతను కార్మికుల వేతనం నుంచి వసూలు చేయకుండా చూడవలసిన బాధ్యత ప్రధాన యజమానిగా మీదే." మీరు ఇక మీదట రాసే ప్రతి ఫిర్యాదు చివరా ఈ వాక్యం రాయండి.

ఇంకొక మాట. సూపర్‌వైజర్ చేతిలో మార్కులూ, మస్టరూ, సెలవులూ అన్నీ ఉన్నప్పుడు అతను ఆడవాళ్ళను ఏ రకంగా వేధించగలడో మీకు చెప్పనక్కర్లేదు. 2013 లైంగిక వేధింపుల నిరోధక చట్టం కాంట్రాక్టరు ద్వారా పనిచేసేవాళ్ళను కూడా ఉద్యోగులుగానే నిర్వచించింది. ఆసుపత్రిలోని అంతర్గత కమిటీ వీళ్ళ ఫిర్యాదునూ తీసుకోవాలి. ఆ కమిటీ సభ్యుల పేర్లు నర్సుల గదిలో అంటించి ఉంటాయేమో గాని, ఊడ్చేవాళ్ళు బట్టలు మార్చుకునే చోట ఉన్నాయా? అసలు వాళ్ళకు బట్టలు మార్చుకునే చోటుందా?

మేం చేసిందీ, మాకు తగిలిందీ

ఈ కాగితాలు పట్టుకుని మేం రెండోసారి వెళ్ళాం. ఈసారి తల్లులు, కార్మికులు కలిసి కూర్చుని మాట్లాడుకున్న తర్వాతే ఫిర్యాదు రాశాం. మొదటి ఫిర్యాదులో "వార్డు మురికిగా ఉంది" అని రాశాం. రెండోదాంట్లో "ఒప్పందం ప్రకారం రాత్రి షిఫ్టులో ఉండవలసిన మనుషులు ఫలానా తేదీల్లో లేరు, బ్లీచింగ్ ఫలానా రోజున అయిపోయింది" అని రాశాం. మొదటిదానికి జవాబుదారీ చీపురు పట్టుకున్నామె అయింది. రెండోదానికి సంతకం పెట్టినవాళ్ళు జవాబు చెప్పుకోవలసి వచ్చింది. రాత్రి మనుషులు పెరిగారు. వార్డు మునుపటి కంటే మెరుగైంది. పట్టుకున్న రెండు రోజుల కూలి తిరిగి వచ్చింది.

కానీ గెలుపు మాత్రమే చెప్పి దిగిపోతే మిమ్మల్ని మోసం చేసినట్టే. మాకు లెక్కలు చెప్పిందన్న అనుమానంతో ఒక అమ్మాయిని వరసగా రాత్రి డ్యూటీలకు వేశారు, ఆ తర్వాత పనిలోంచి తీసేశారు. పనిలో పెట్టుకున్నట్టే కాగితం లేనప్పుడు తీసేసినట్టు రుజువెక్కడ? మేం తిరిగాం, లేబర్ ఆఫీసులో ఫిర్యాదు చేశాం. ఆమెకు ఆ పని తిరిగి రాలేదు. ఇప్పుడు ఇళ్ళల్లో పనిచేసుకుంటోంది. మా సంఘం సమావేశాలకు ఇప్పటికీ వస్తుంది, మమ్మల్ని ఒక్క మాట అనలేదు. అనకపోవడమే మాకు బరువు.

అందుకని మేం కొన్ని నియమాలు పెట్టుకున్నాం. ఏ సమాచారమైనా ఒక్క కార్మికురాలి నుంచి వచ్చినట్టు కనిపించకూడదు. దరఖాస్తు సంఘం కార్యకర్త పేరున వెళ్ళాలి. లెక్కపెట్టేది బయటివాళ్ళమే కావాలి, రోగిని చూడడానికొచ్చే వేళల్లో ఎవరైనా లెక్కపెట్టవచ్చు. ఫిర్యాదు ఇచ్చే ముందు కార్మికులకు చదివి వినిపించాలి. వాళ్ళు వద్దన్న వాక్యం తీసేయాలి. ప్రమాదం వాళ్ళది కాబట్టి ఎప్పుడు, ఎంత చెప్పాలన్న నిర్ణయమూ వాళ్ళదే.

రెండు మూడు సందేహాలు

"కాంట్రాక్టు పద్ధతే పోవాలని అడగవలసింది పోయి, దాన్ని బాగా నడిపించడానికి మనం సాయం చేయడమేమిటి?" అని యూనియన్ మిత్రులు అడుగుతారు. సరైన ప్రశ్న. పర్మనెంట్ ఉద్యోగాల కోరికను మనం వదులుకోకూడదు. అయితే 2001లో స్టీల్ అథారిటీ కేసులో సుప్రీంకోర్టు, కాంట్రాక్టు పద్ధతిని నిషేధించినా కార్మికులు వాటంతటవే పర్మనెంట్ కారని చెప్పింది. ఒప్పందం వట్టి బూటకమని, అసలు యజమాని ఆ సంస్థేనని రుజువు చేసుకోవాలన్నది. మస్టరు ఎవరు పెట్టారు, పని ఎవరు చెప్పారు, సామాన్లు ఎవరిచ్చారు అన్న రికార్డు లేకుండా అది ఎలా రుజువవుతుంది? ఈ రోజు మనం రాసుకునే లెక్కల పుస్తకం రేపటి ఆ కేసుకు సాక్ష్యం.

"కార్మికుల్లోనూ పని ఎగ్గొట్టేవాళ్ళు లేరా?" ఉన్నారు. కాన్పయిన వార్డులో బిడ్డను చూపించడానికి డబ్బులడిగే ఆయాలూ ఉన్నారు. ఆ డబ్బిచ్చుకోలేక ఏడ్చిన తల్లులను నేను చూశాను. దాన్ని మనం కప్పిపుచ్చకూడదు. తల్లులూ కార్మికులూ ఎదురెదురుగా కూర్చున్న సమావేశంలోనే ఆ మాట ఎత్తాం. గొడవ అయింది. ఒకామె, "మూడు నెలలుగా జీతం పడలేదు, నేనేం తినాలి?" అన్నది. మరో తల్లి, "నీ జీతం నేనా ఇయ్యాల్సింది?" అన్నది. ఇద్దరి మాటా నిజమే. ఆ రోజు గొడవ తీరలేదు గాని, ఇద్దరూ కలిసి అడగవలసినవాడు ఎక్కడున్నాడో ఇద్దరికీ తెలిసింది.

మూడోది మన స్వచ్ఛంద సంస్థల వాళ్ళకు. అధికారులు మనల్ని పర్యవేక్షణ కమిటీల్లోకి పిలుస్తారు, బిల్లు మీద మన సంతకం కూడా అడుగుతారు. జాగ్రత్తగా ఉండండి. బిల్లు సిఫారసు చేసే సంతకం అధికారి బాధ్యత. దాన్ని మనం చేస్తే జీతం లేని సూపర్‌వైజర్లమవుతాం, రేపు అక్రమం బయటపడితే మన సంతకమే చూపిస్తారు. మన పని వివరాలు బయటపెట్టడం, అందరి ముందు చదివించడం. రాజస్థాన్‌లో మజ్దూర్ కిసాన్ శక్తి సంఘటన్ 1994 డిసెంబరులో కోట్ కిరానా గ్రామంలో మొదటి బహిరంగ విచారణ జరిపినప్పుడు చేసిందదే. మస్టరు తెచ్చి ఊరి ముందు చదివారు. తర్వాత 2005 ఉపాధి హామీ చట్టం సామాజిక తనిఖీని చట్టంలో పెట్టింది. మన ఉమ్మడి రాష్ట్రం దానికోసం 2009లో ప్రత్యేక సంస్థనే ఏర్పాటు చేసింది. చెరువు పూడిక లెక్క ఊరి ముందు చదవగలిగినప్పుడు, కాన్పుల వార్డు శుభ్రత లెక్క ఆసుపత్రి వరండాలో ఎందుకు చదవకూడదు?

కాబట్టి ప్రతి జిల్లాలో మనం అడగవలసినవి ఇవి. ఒప్పందం ప్రకారం ప్రతి షిఫ్టులో ఎంతమంది ఉండాలో, ఈ రోజు ఎంతమంది ఉన్నారో వార్డు గుమ్మం దగ్గర తెలుగులో బోర్డు పెట్టాలి. కనీస వేతనం, పీఎఫ్, ఈఎస్ఐ, సామాన్ల ఖర్చు కంటే తక్కువకు వేసిన టెండరును తిరస్కరించాలి. జీతాలు, చలాన్లు చూపించకుండా నెల బిల్లు పాస్ చేయకూడదు. కోత పడితే అది కాంట్రాక్టరు లాభంలోంచే పడాలి. మూడు నెలలకొకసారి తల్లులు, కార్మికుల ముందు ఆ లెక్కలు చదవాలి. కాంట్రాక్టరు మారినా మనుషులు మారకూడదు. పని తెలిసిన మనిషి కొత్త టెండరుతో వీధిన పడకూడదు.

2020 మార్చిలో ఒక సాయంత్రం దేశమంతా గుమ్మాల్లో నిలబడి ఆసుపత్రి సిబ్బందికి చప్పట్లు కొట్టింది. ఆ చప్పట్లలో ఊడ్చే ఆమెకూ వాటా ఉందన్నారు. ఆ రోజుల్లో కూడా ఆమె మస్టరు ఎవరూ చూడలేదు.

మీరు మీ ఊళ్ళకు తిరిగి వెళ్ళాక మొదట చేయవలసిన పని చాలా చిన్నది. మీకు దగ్గరలోని ప్రభుత్వ ఆసుపత్రికి పొద్దుటి షిఫ్టులో ఒకసారి, రాత్రి షిఫ్టులో ఒకసారి వెళ్ళండి. చీపురు పట్టుకున్నవాళ్ళు ఎంతమందో లెక్కపెట్టి తేదీ వేసి రాసుకోండి. అందులో ఒకామె పక్కన కూర్చుని ఆమె పేరు అడగండి, ఆమె చెప్పేది వినండి. ఫిర్యాదు రాయడం ఆ తర్వాత.

సెలవు.